శనివారం జబ్బులు

“ఆడ కానిస్టేబులు వచ్చేదాకా, అంటే పన్నెండు దాకా ఆగుతాను. పన్నెండూ ఒకటికి ఈ అమ్మాయి నా జీపులో ఉంటుంది,” అన్నాడు ఎస్సై ప్రసాదరావు, చేతిగడియారం నా మొహం ముందు పెట్టి.

అప్పటికి టైము పదీ పది.

ప్రసాదరావుకి నేనంటే పడదు. నాకూ అతనంటే పడదు, ఇందులో దాచుకోడానికేం లేదు. ఇరవై రెండేళ్ళు కొలువు చేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా మానేసి, ఏలూరు పవర్‌పేటలో ‘సాల్మన్, ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్న వాణ్ణి నేను. యూనిఫాం విప్పేసినవాడు కూడా పోలీసు పని చేస్తానంటే, యూనిఫాంలో ఉన్నవాడికి ఒళ్ళు మంట. అతని మంట అతనిది.

అమ్మాయి పేరు రూబీ. ఇరవై నాలుగేళ్ళు. కైకలూరు రోడ్డులో ఉన్న ఈ ‘ఆదరణ నిలయం’లో ఆయా. ఇక్కడున్న ఇరవై ఇద్దరు పెద్దవాళ్ళకి ప్లేట్లు అందించేదీ, మాత్రలు ఇచ్చేదీ ఈమే. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడుపు అయిపోయి, ఇంకేం చేయాలో తెలియని మొహం.

కేసు నాలుగు మాటల్లో చెప్పచ్చు. ఆరు వారాల్లో ముగ్గురు పడిపోయారు. మొదట బంగార్రాజు, తర్వాత రాజకుమారి అనే ఆవిడ, మొన్న శనివారం శ్రీరామమూర్తి మాష్టారు. ముగ్గురికీ ఒకటే తీరు. చెమటలు, వణుకు, మాట తడబాటు, ఆపైన స్పృహ లేదు. ముగ్గురి రక్తంలోనూ షుగరు అడుగంటిపోయింది. తమాషా ఏమిటంటే ముగ్గురిలో ఎవరికీ షుగరు జబ్బు లేదు. అంటే షుగరు మాత్ర ఎవరో వాళ్ళ చేత మింగించారు. మొదటి ఇద్దరూ గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నారు. మాష్టారు మాత్రం మూడో రోజు వచ్చినా ఏలూరు ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు.

నన్ను పిలిపించింది సుగుణ టీచరమ్మ. నిన్న సాయంత్రం ఫోను చేసి, “ఒరే సాల్మన్, ఇక్కడ కేసొకటి ఉంది, రా” అంది. ఆవిడ మా మిషన్ హాస్టల్ వార్డెను. అమ్మా నాన్నా లేని నన్ను తొమ్మిదో ఏట నుంచి పదో తరగతి దాకా అన్నం పెట్టి చదివించిన మనిషి. ఇప్పుడు ఇక్కడే ఉంటోంది. నేను గేటు దాటేసరికి వరండా చివర కుర్చీలో కూర్చుని ఉంది. దణ్ణం పెట్టాను. “ముందు పని చూసుకో నాన్నా” అంది. సరేనని పనిలో పడ్డాను.

“ఆ అమ్మాయికి ఏం అవసరం ఎస్సై గారూ?” అన్నాను.

“రెండేళ్ళు పని చేసింది. ఏలూరులో ఆస్పత్రి ఉద్యోగానికి అనుభవం సర్టిఫికెట్ అడిగింది. మేనేజరమ్మ ఇవ్వనంది. ఈ చోటు పేరు చెడగొడదామని చేసింది. మాత్రల పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది? ఈమె దగ్గరే. ఇంకేం కావాలి మీకు?”

“ఆమె ఒప్పుకుందా?”

“స్టేషన్‌కి వెళ్ళాక ఒప్పుకుంటుంది.”

ఆ ఒప్పుకోవడాలు ఎలా ఉంటాయో ఇరవై రెండేళ్ళు చూశాను. ఇక అతనితో మాటలు దండగ అనుకుని మాష్టారి గదికి వెళ్ళాను. మేనేజరు భానుమతి తాళం తీసింది. రూబీని కూడా వెంట రమ్మన్నాను.

గదిలో ఒక మంచం, ఒక బల్ల, దేవుడి పటాలు, గోడకి పంచాంగం కేలండరు. బల్ల మీద మాత్రల డబ్బా. వారానికి ఏడు గళ్ళు. శనివారం గడి ఖాళీ. ఆదివారం గడిలో తెల్లటి బీపీ మాత్ర ఒక్కటే ఉంది. డబ్బా నింపడంలో పొరపాటేమీ లేదు.

“మాష్టారిని ఎన్నింటికి చూశారు?”

“ఒంటిగంటా పదికండి,” అంది రూబీ. “తలుపు దగ్గరగా వేసుందండి. జపంలో ఉన్నారనుకున్నాను. మంచినీళ్ళు ఇద్దామని వెళ్తే కింద పడున్నారండి.”

“బంగార్రాజు గారు?”

“పదకొండింటికండి. రాజకుమారమ్మ గారూ ఆ వేళకేనండి. వాళ్ళు హాల్లో అందరి మధ్యా ఉన్నారు కాబట్టి వెంటనే చూశామండి.”

భానుమతి ఫైలు తెరిచింది. మనిషి శుభ్రమైన మనిషి, ఫైలు అంతకంటే శుభ్రం. ఏడున్నరకి గంట, ఎనిమిదింటికి ప్లేట్లు, ఎనిమిదీ పదికి మాత్రలు, శుక్రవారం షుగరు పరీక్ష, ఆదివారం మూడింటి నుంచి అయిదింటి దాకా చూడవచ్చేవాళ్ళు. ప్రతి గడిలోనూ టిక్కు. శనివారం పొద్దున్న టిఫిను పేజీలో మాష్టారి పేరు పక్కన కూడా టిక్కు ఉంది.

“టిఫిను తిన్నారన్నమాట,” అన్నాను.

రూబీ తల దించుకుంది. “తినలేదండి.”

“మరి టిక్కు?”

“వంటింట్లోంచి ప్లేటు బయటికి వెళ్ళగానే పెట్టేయాలండి. అది రూలండి. ఆరోజు ఏకాదశి అని మాష్టారు ముట్టుకోలేదండి. పక్కగది తాతగారికి ఇచ్చేయమన్నారు. ఇచ్చేశానండి.”

నేను కేలండరు వైపు చూశాను. మొన్న శనివారం గడిలో ఎర్ర అక్షరాల్లో ‘ఏకాదశి’ అనే ఉంది.

“భానుమతి గారూ, ప్లేటు వెళ్ళినప్పుడు కాదండీ టిక్కు పెట్టాల్సింది. ఖాళీ అయి వెనక్కొచ్చినప్పుడు. మీ పుస్తకం ప్రకారం ఇక్కడ ఇరవై రెండు ప్లేట్లు తింటున్నాయి. మనుషులు తిన్నారో లేదో ఎక్కడా లేదు.”

ఆవిడ మొహం ఎర్రబడింది. “ఒక్క ఆయాతో ఇరవై ఇద్దరి ఎదురుగా కూర్చుని తినిపించమంటారా?”

“కూర్చోమంటాను. లేదా ఇంకో ఇద్దర్ని పెట్టుకోమంటాను.”

నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపంలోనే ఒక సంగతి అర్థమైంది. మొదటి ఇద్దరూ టిఫిను తిన్నాక మాత్ర పడింది, అందుకే తేలిగ్గా తేరుకున్నారు. మాష్టారిది ఖాళీ కడుపు, అందుకే లేవలేదు. మాత్ర ఇచ్చినవాళ్ళకి ఆయన ఉపవాసమని తెలియదు. రూబీకి తెలుసు. గుమ్మం బయట నిలబడ్డ ప్రసాదరావుకి ఆ ముక్కే చెప్పాను.

అతను నవ్వాడు. “తెలిసే ఇచ్చిందంటాను. అప్పుడు కేసు ఇంకా గట్టిపడుతుంది. థాంక్సండీ డిటెక్టివ్ గారూ.”

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆ అమ్మాయిని బయట పడేద్దామని వెళ్ళి ఇంకో అడుగు లోతుకి తోశాను. రూబీ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. టైము పదీ నలభై.

బంగార్రాజు హాల్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. టీవీ కట్టేసి ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. కొల్లేటి చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడట. కిందటేడు సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక పని పోయి, ఇక్కడికి వచ్చాడు. నేను పక్కన కూర్చోగానే చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు.

“ఆరోజు మాత్ర ఎవరిచ్చారండీ మీకు?”

“రోజూ ఇచ్చేవాళ్ళే.”

“ఎక్కువ మాత్రలేమైనా ఇచ్చారా?”

“గుర్తు లేదండి.”

“మీకెవరి మీదైనా అనుమానం ఉందా?”

“అనుమానం దేనికండీ?” అన్నాడు, నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు. “మావాడు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఆపరేటరండి. ఎనిమిది నెలలైంది వచ్చి. తీరుబడి ఉండదు పాపం. నాకు బాగోలేదని ఫోను వెళ్ళగానే శనివారం సాయంత్రానికి వచ్చేశాడు. ఆదివారం అంతా ఉన్నాడు. సోమవారం కూడా సెలవు పెట్టాడు. అన్నం కలిపి తినిపించాడండి. నా చేతులు బాగానే ఉన్నాయి. అయినా నేను తింటానని అనలేదు.”

నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

“మాష్టారికి అలా అయిందని బాధే అనుకోండి. నామటుకు నాకు ఆ మూడు రోజులూ పండగే. దీనికి ఆ పిల్లని పట్టుకెళ్తారేంటండి?”

ఇతనికి తెలుసు. ఎవరిచ్చారో కచ్చితంగా తెలుసు. చెప్పడు. పోలీసు బుర్రతో గద్దించి అడగచ్చు. కానీ నా చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆఫీసు గదిలోకి వెళ్ళి చూడవచ్చినవాళ్ళ రిజిస్టరు తీయించాను. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. వచ్చినవారి పేరు, బంధుత్వం, వేళ. బంగార్రాజు పేజీలో ఎనిమిది నెలలు తెల్లకాగితం, తర్వాత ఒక శనివారం కొడుకు సంతకం. రాజకుమారి పేజీలో అయిదు నెలల తెలుపు, తర్వాత ఒక శనివారం కామవరపుకోట నుంచి కూతురు. మాష్టారి పేజీలో ఏడు నెలలు ఖాళీ. ఆయన కొడుకు రవిశంకర్ మొన్న శనివారం ఫోను అందగానే వచ్చి, సంతకం కూడా పెట్టకుండా అంబులెన్సు ఎక్కాడట.

మూడూ శనివారాలే. ఎందుకు శనివారం? పగబట్టినవాడికి బుధవారమైతే ఏం, గురువారమైతే ఏం. శనివారం పొద్దున్న జబ్బు చేస్తే సాయంత్రానికి కొడుకు వస్తాడు, మర్నాడు ఆదివారం, సెలవు, ఉండిపోతాడు. మాత్ర వేసినవాళ్ళు చావు కోరి వేయలేదు. వాళ్ళ పిల్లల సెలవు చూసుకుని మరీ వేశారు.

మందు ఎక్కడిది మరి? రూబీ పెట్టెలో షుగరు మాత్రల అట్టలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆరుగురు షుగరు వాళ్ళకి రోజూ ఇచ్చినవి ఇచ్చినట్టే తగ్గాయి. అయితే ఇచ్చినవాళ్ళంతా మింగారా? ప్లేటుకి పెట్టినట్టే మాత్రకీ ముందే టిక్కు పెట్టే చోటు ఇది. అది పుస్తకంలో దొరకదు, రక్తంలో దొరుకుతుంది. శుక్రవారం పరీక్షల కాగితాలు తీశాను. అయిదుగురివి ఎప్పుడూ ఉండేంతే ఉన్నాయి. ఆరో కాగితం మీద వారం వారం పరగడుపున తీసిన అంకెలు: నూట పద్దెనిమిది, నూట నలభై ఆరు, నూట తొంభై, రెండు వందల ముప్పై ఎనిమిది, రెండు వందల ఎనభై ఏడు, మూడు వందల పన్నెండు.

ఆరు వారాలుగా ఒక మనిషి తన మాత్ర తను మింగకుండా దాస్తోంది.

పైన పేరు చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత రిజిస్టరులో ఆ పేరున్న పేజీ తిప్పాను. పద్నాలుగు నెలల్లో ఒకే ఒక్క సంతకం. చేరిన రోజుది. బంధుత్వం దగ్గర ‘తెలిసినవారు’ అని ఉంది. ఆ దస్తూరీ నాది.

పదకొండూ ఇరవై ఐదు. వరండా చివరికి నడిచాను. అంత చిన్న వరండా అంత దూరం ఉందని అప్పుడే తెలిసింది.

సుగుణ టీచరమ్మ పక్కన కుర్చీ ముందే వేసి ఉంచింది. కుడి పాదానికి గుడ్డ చుట్టి ఉంది. పుండు మానడం లేదు, మానదు కూడా.

“వచ్చిందగ్గర్నుంచి చూస్తున్నాను,” అంది. “అందరి దగ్గరా కూర్చున్నావు. నా దగ్గరికే ఆఖర్న వచ్చావు. పొద్దున్నే వచ్చి కూర్చునుంటే అప్పుడే చెప్పేదాన్ని కదరా.”

ఆవిడే అడిగింది, క్లాసులో అడిగినట్టు.

“హాస్టల్లో పిల్లాడికి జ్వరమొస్తే ఏం చేసేదాన్ని?”

“ఇంటికి కార్డు రాసేవారండి.”

“రాస్తే?”

“వాళ్ళమ్మ వచ్చేదండి.”

“అంతే. ఇక్కడికొచ్చాక చూశాను. బాగుంటే ఎవరూ రారు. బాగున్నారు కదా అని రారు. బంగార్రాజు గారు ప్రతి ఆదివారం మూడింటికి తల దువ్వుకుని గేటు దగ్గర కూర్చునేవారు. అయిదింటికి లోపలికి వచ్చేసేవారు. ఎన్ని ఆదివారాలని చూడను? ఒక మాత్రకి రెండు మాత్రలు వేస్తే కాస్త నీరసం వస్తుంది, పంచదార నీళ్ళు పడితే పోతుంది. నాకు పద్దెనిమిదేళ్ళ నుంచీ షుగరు, నాకు తెలియదా? బలానికి మాత్రలని చెప్పాను. టీచరమ్మ ఇస్తే ఎవరు కాదంటారు?”

“మాష్టారు ఉపవాసం ఉన్నారండి.”

“ఇప్పుడు తెలిసింది. ఏకాదశి ఎప్పుడొస్తుందో నాకేం తెలుసురా? ఉపవాసమంటే మనకి శుక్రవారాలు, మాష్టారికి ఏకాదశులు. ప్లేటు గదిలోకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. తిన్నారనే అనుకున్నాను.” ఆవిడ మాష్టారి గది వైపు చూసింది. “పంచదార నీళ్ళు పట్టుకుని పదకొండింటికి తలుపు దగ్గరికి వెళ్ళాను. జపం చేస్తున్నారని రూబీ అంటే వెనక్కి వచ్చేశాను.”

ఒడిలోంచి పాత పెన్సిలు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. లోపల మాత్రలు. ముప్పై ఆరు ఉన్నాయి.

“ముగ్గురికి ఆరు చాలు కదండీ. ఇన్నెందుకు దాచారు?”

“ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు కదరా.”

ముగ్గురూ, పద్దెనిమిదీ, ఇరవై ఒకటి. ఇక్కడున్నది ఇరవై ఇద్దరు.

“మిమ్మల్ని లెక్కలో వేసుకోలేదేంటండీ?”

“నాకెవరొస్తారని? రెండుసార్లు ఊరికే ఫోను చేశాను నీకు. పనిలో ఉన్నానన్నావు. నిన్న కేసుందన్నాను, వచ్చావు.” నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. అదే నేను తట్టుకోలేకపోయాను. “ఎనిమిదో తరగతిలో చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నావు, జ్ఞాపకముందా? నీకు కార్డు రాయడానికి ఎవరూ లేరు. అయినా పెట్టుకున్నావు.”

“మీరొచ్చి రాత్రంతా కూర్చున్నారు కదండీ,” అన్నాను.

“ఇప్పుడు నువ్వే చెప్పాలి ఎస్సైతో. నేను చెబితే, ముసలిది ఆ పిల్లని కాపాడ్డానికి అబద్ధమాడుతోంది అంటాడు. నీ దగ్గర కాగితాలున్నాయి.”

“మాష్టారు లేస్తే చిన్న కేసేనండి. నేను మాట్లాడతాను. మీకేం కాదు.”

నా మాట పూర్తి కాకుండానే బూట్ల చప్పుడు వినిపించింది. పన్నెండుకి అయిదు నిమిషాలుంది. ప్రసాదరావు సెల్‌ఫోను జేబులో పెట్టుకుంటూ వస్తున్నాడు. అతని వెనక, గేటు దగ్గర జీపులో, రూబీ అప్పటికే కూర్చుని ఉంది. పక్కన ఆడ కానిస్టేబులు.

“ఆస్పత్రి నుంచి ఫోనండి,” అన్నాడు. “మాష్టారు పోయారు. పదకొండూ నలభైకి. ఇక ఇది హత్య కేసు. మీ టైము అయిపోయింది.”

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. “వాళ్ళబ్బాయి దగ్గరే ఉన్నాడా అండీ?”

అతను అర్థం కాక ఆవిడని చూశాడు. “ఉన్నాడమ్మా. ఏం?”

“ఊరికే అడిగాను బాబూ.”

దాచను, ఆ క్షణంలో నాకొక ఆలోచన వచ్చింది. డబ్బా నా జేబులో ఉంది. తెలిసింది మా ఇద్దరికి, మాత్రలు మింగిన బంగార్రాజు, రాజకుమారిలతో కలిపి నలుగురికి. నేను నోరు మూసుకుంటే ఈవిడ ఇదే కుర్చీలో ఉంటుంది. అడ్డమైన సాక్ష్యాలతో మనుషుల్ని లోపలికి పంపే పోలీసుల్ని ఇరవై రెండేళ్ళు తిట్టిన నేను, ఒక ఆడపిల్లని అలాగే పంపేద్దామా అని ఆలోచించాను. టీచరమ్మ నావైపే చూస్తోంది. జవాబు అందించకుండా ఎదురుచూడటం ఆవిడకి అలవాటే.

“ఆ అమ్మాయిని దింపండి ఎస్సై గారూ,” అన్నాను.

కాగితాలు ఒక్కొక్కటీ చూపించాను. శనివారాలు, తెల్లపేజీలు, రక్తం అంకెలు, చివరికి డబ్బా. ప్రసాదరావు ఒక్కో కాగితమూ తిప్పి చూశాడు. అయ్యాక టోపీ తీసి కాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతను మంచివాడు కాకపోవచ్చు, తెలివితక్కువవాడు మాత్రం కాదు.

“నిజమేనామ్మా?”

“నిజమేనండి.”

బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాడు. డబ్బా స్వాధీనం చేసినట్టు, సాక్షి అని రాసిన చోట నా సంతకం పెట్టించుకున్నాడు. గేటు వైపు చెయ్యి ఊపాడు. రూబీ జీపు దిగింది. దిగి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే నిలబడింది.

“ఇంకొక్కటమ్మా. మిమ్మల్ని తీసుకెళ్తున్నట్టు మీ తాలూకు మనిషికి తెలియజేయాలి. పేరు చెప్పండి.”

టీచరమ్మ పాదం కట్టు వైపు చూసుకుంది.

“నా పేరు రాయండి,” అన్నాను.

ప్రసాదరావు కలం ఆగింది. పొద్దుట్నుంచీ అతను నాతో మెత్తగా మాట్లాడింది అప్పుడే. “మీరు సాక్షి కదండీ సాల్మన్ గారూ. ఆవిడకి వ్యతిరేకంగా సంతకం చేసిన మనిషిని ఆవిడ తాలూకు అని ఎలా రాయను? రేపు కోర్టులో మీ సాక్ష్యం చెల్లదు. అదైనా ఉండాలి, ఇదైనా ఉండాలి. ఆ సంతకం కొట్టేయమంటారా?”

గేటు దగ్గర రూబీ మావైపే చూస్తోంది. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నిలవదు. ఆ సంతకం తప్ప ఆమెకి మరో ఆధారం లేదు.

“వద్దు,” అన్నాను.

టీచరమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. పుండు కాలు నేల మీద ఆనించి, కొంగు సర్దుకుంది.

“ఎవరూ లేరని రాసుకోండి బాబూ,” అంది.

ప్రసాదరావు అలాగే రాసుకున్నాడు.